ఐసు ఫ్యాక్టరీకి ఎంత తుప్పు

పెద్దనాన్న ఫోన్ చేసి, ఎలా ఉన్నావు, తిన్నావా లాంటివేవీ లేకుండా, "నీకు తుప్పు పట్టించడం బాగా వచ్చట కదమ్మా?" అని అడిగారు.

వచ్చు. పగలు ఒక కంపెనీలో కూర్చుని నీటి పంపుల డ్రాయింగులు గీస్తాను. నేను గీసిన పంపులు ఎప్పటికీ తుప్పు పట్టకూడదు, నా ఉద్యోగమే అది. ఇంటికొచ్చాక చిన్న చిన్న లారీలు, రైలు పెట్టెలు, గోడౌన్లు తయారుచేసి వాటికి ఒళ్లు దగ్గర పెట్టుకుని తుప్పు పట్టిస్తాను. మెకానికల్ ఇంజనీరింగ్ చదివిన పిల్ల అరచేతిలో ఇమిడే లారీ చక్రాలకి బురద పూస్తూ కూర్చుంటే చూసేవాళ్లకి ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఎందుకంటే మా అమ్మ రోజూ చెబుతుంది. చుట్టాల్లో నా పేరు బొమ్మల ఇంజనీరు.

"మన ఐసు ఫ్యాక్టరీ బొమ్మ ఒకటి కావాలి," అన్నారు పెద్దనాన్న. "కొత్త కోల్డ్ స్టోరేజీ రిసెప్షన్‌లో పెడదామని. ప్రారంభానికి పెద్దపెద్దవాళ్లు వస్తున్నారు. మనం ఎక్కడ మొదలుపెట్టామో చూడాలి కదా వాళ్లు. ఫోటోలు అన్నయ్య పంపిస్తాడులే."

అన్నయ్యంటే పెద్దనాన్న కొడుకు. కంపెనీ ప్రచారమంతా వాడి చేతిలో ఉంటుంది. ఏ విషయమైనా మూడు పాయింట్లుగా తప్ప చెప్పలేడు. భోజనం దగ్గర కూర బాగుందని చెప్పడానికి కూడా వాడికి మూడు కారణాలు కావాలి.

ఆ ఐసు ఫ్యాక్టరీ తాతయ్య పెట్టింది. తర్వాత ఇద్దరన్నదమ్ములదీ అయింది. పెద్దనాన్న బయట వ్యాపారం చూసుకునేవారు. లోపల మిషన్లు, మనుషులు, నీళ్లు, ఐసు అంతా నాన్న చూసుకునేవాడు. నేను పుట్టకముందు నుంచి కాలేజీలో చేరేదాకా దాన్ని నడిపింది నాన్నే. ఇళ్లల్లో ఫ్రిజ్‌లు, హోటళ్లలో ఐసు మిషన్లు వచ్చాక మంచు దిమ్మలు కొనే నాథుడు లేకుండా పోయాడు. పెద్దనాన్న కోల్డ్ స్టోరేజీల వైపు తిరిగారు, ఫ్యాక్టరీ మూతపడింది, నాన్న అన్నగారి కంపెనీలో స్టోర్స్ ఇన్‌చార్జి అయ్యాడు. స్టోర్స్‌లో నడపడానికేమీ ఉండదు. తాళాలుంటాయి.

అప్పట్నించీ చుట్టాల్లో ఒక మాట తిరుగుతోంది. అన్న బంగారంలాంటి ఫ్యాక్టరీ చేతిలో పెడితే తమ్ముడు తుప్పు పట్టించేశాడని. ఎవరు మొదలుపెట్టారో తెలీదు. పెద్దనాన్న ఒక్కసారి కూడా కాదనలేదని మాత్రం తెలుసు. పెళ్లిళ్లలో ఆ మాట వినబడే దూరంలో కూర్చోవలసి వస్తే నాన్న లేచి వెళ్లి కుర్చీలు సర్దుతాడు.

అందుకే బొమ్మ సంగతి చెప్పినప్పుడు నాన్న మొహంలో వెలుగు చూసి నాకు ఆశ్చర్యమేసింది. టీవీ కట్టేసి మరీ నా వైపు తిరిగాడు.

"చెయ్యమ్మా. దాన్ని ఇంకోసారి చూడాలని ఉంది."

"ఆయన అడగడం ఆలస్యం, ఇద్దరూ బయల్దేరారు," అంది అమ్మ.

"ఒకటి మాత్రం," అన్నాడు నాన్న, అమ్మ మాట చెవికెక్కనట్టు. "నడుస్తున్నట్టుండాలి. చూసినవాడికి, లోపల ఎవరో ఉన్నారు, ఇప్పుడే బయటికొస్తారు అనిపించాలి."

ఏం అడుగుతున్నాడో నాకు అర్థమైంది. నలుగురూ చూసే చోట, గాజుపెట్టెలో, తను నడిపిన ఫ్యాక్టరీ నడుస్తూ కనబడాలి.

*

అసలు దానిలో యాభయ్యో వంతు సైజులో మొదలుపెట్టాను. గోడలకి ప్లాస్టిక్ షీటు, పైకప్పుకి పల్చటి అల్యూమినియం రేకు. ఆ రేకుని పళ్లున్న అచ్చు మీద పెట్టి నొక్కితే చిన్న చిన్న ముడతలు పడి అచ్చం ఇనుప రేకులా తయారవుతుంది. కట్టడం వరకూ పెద్ద కష్టమేం కాదు, కొలతలన్నీ నాన్న బుర్రలో ఉన్నాయి. రంగుల దగ్గరే వస్తుంది తంటా.

తుప్పుకి వయసుంటుంది. నిన్న తడిసిన ఇనుముకి ఇవాళ వచ్చేది నారింజ రంగు. ముదిరితే ఇటుక రంగు. ఇంకా ముదిరితే కాఫీ పొడి రంగు, ఆ తర్వాత నలుపు. నా బల్ల మీద వీటన్నిటికీ పొడులున్నాయి. చిన్న సీసాల్లో కొన్నవి కొన్ని, చాక్‌పీసుల్లాంటి పాస్టెల్ ముక్కల్ని గరుకు కాగితం మీద అరగదీసి నేను చేసుకున్నవి కొన్ని. పొడి పైపైన ఉంటుంది, బ్రష్‌తో అద్దాలి. వాష్ అని ఇంకోటుంది. ముదురు రంగుని టర్పెంటైన్‌లో టీ నీళ్లంత పల్చగా కలిపి వదిలితే, అది పారుకుంటూ వెళ్లి మూలల్లో, అతుకుల్లో, మేకు తలల చుట్టూ నిలిచిపోతుంది. నిజం ఇళ్లల్లో మురికి చేసే పని కూడా అదే. ఇవన్నీ చేతిలో ఉన్నా డబ్బా మూత తీసే ముందు ఒకటి తేల్చుకోవాలి, ఇది ఏ ఏడాది బొమ్మ అని.

అన్నయ్య పంపిన ఫోటోలు పెద్దవి చేసి చూశాను. పైకప్పుకి చిల్లులు. మెట్ల మీద గడ్డి. కంప్రెసర్ పక్కన ఆరడుగుల చక్రం, దాని మీద పిట్టలు రెట్టలేసిన మరకలు. ఆ చక్రానికి బెల్టు లేదు.

"నాన్నా, బెల్టు లేకుండా ఈ చక్రం ఎలా తిరిగేది?"

"తిరగదు. ఫ్యాక్టరీ మూసేసిన నెలలోనే బెల్టు ఎవరో పట్టుకుపోయారు," అన్నాడు నాన్న, కళ్లజోడు పైకి తోసుకుని స్క్రీన్‌లోకి వంగి. "ఇవి కూలగొట్టే ముందు తీయించినవమ్మా. అప్పటికి మూసి చాన్నాళ్లయింది."

"నడిచేటప్పటివి లేవా?"

"ఐసు ఫ్యాక్టరీకి ఎవరు ఫోటో తీస్తారు. తీసినా మీ అమ్మ అన్నట్టు నేనే అడ్డంగా నిలబడి ఉండేవాణ్ణి."

"నేనెప్పుడన్నాను?" అంది వంటింట్లోంచి అమ్మ. "అనాల్సింది. తట్టలేదు."

అంటే నా దగ్గరున్నవన్నీ పోయాక తీసిన ఫోటోలు. వాటిని చూసి రంగులేస్తే చుట్టాల మాటకి రంగులేసినట్టే. అందుకని ఆ సాయంత్రాలన్నీ నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని, రేకు ముక్కల మీద రంగులు అద్ది చూపించి, ఇదా అదా అని అడిగాను. కంటి డాక్టరు అద్దాలు మార్చి మార్చి అడిగినట్టు.

"పైకప్పు ఏ రంగు?"

"రెడాక్సైడ్. ఏటా వానలకి ముందు కొట్టించేవాణ్ణి."

"ఏటా?"

"ఏటా. ఒక ఏడాది రంగు కొట్టేవాడు రాకపోతే నేనే ఎక్కాను. మీ అమ్మ కింద నిలబడి ఏడుపు."

"ఏడుపు కాదు," అంది అమ్మ. "దిగితే తంతానన్నాను."

ఇనుముకి తుప్పు పట్టకుండా పూసే ఆ ఎర్ర రంగే వేశాను. ఎండకి వెలిసినట్టు పైన తెల్లటి వాష్ పల్చగా ఒక పొర ఇచ్చాను. నాన్నకి నచ్చింది. గోడల అడుగున తేమ మరకలు పెట్టాను, అవీ నచ్చాయి. ఉప్పునీళ్ల ట్యాంకు దగ్గరికొచ్చేసరికి గొడవైంది. ఐసు గడ్డకట్టేది ఆ ట్యాంకులోనే. పెద్ద ఇనుప తొట్టి, నిండా చల్లటి ఉప్పునీళ్లు, అందులో నీళ్లు నింపిన డబ్బాలు వరసగా దించి ఉంచుతారు. దాని అంచుకి ఇటుక రంగు పొడి అద్దబోతే నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"అక్కడ ఉండేది కాదు."

"నాన్నా, ఇనుము, ఉప్పు, నీళ్లు. పదో తరగతి కెమిస్ట్రీ."

"గ్రీజు రాయించేవాణ్ణి."

"అయినా వస్తుంది."

"నువ్వు చూశావా?"

"నువ్వు చెప్పు, నిజంగా లేదా?"

నాన్న కాసేపు ట్యాంకు వైపు చూశాడు. అబద్ధం చెప్పాలని ఉంది, చెప్పడం చేతకావడం లేదు.

"అంచుకి ఉండేదిలే," అన్నాడు చివరికి. "ఉప్పునీళ్లు కదా. ఎవరి తరం అవుతుంది. కానీ కొంచెమే పెట్టు."

కొంచెమే పెట్టాను. దాని మీద తెల్ల పొడితో ఉప్పు చారలు గీశాను. చక్రం ఆకుపచ్చా నీలమా అన్న దానికి మాత్రం తీర్పు రాలేదు. నాన్న ఆకుపచ్చ అన్నాడు, అమ్మ నీలం అంది, ఇద్దరూ ఒట్లు వేశారు. మొత్తానికి బురదగా ఉన్న ఏదో ఆకుపచ్చ కలిపాను. ఇద్దరూ అసంతృప్తిగా ఊరుకున్నారు.

*

పని ఎంతవరకూ వచ్చిందో చూడ్డానికి పెద్దనాన్న, అన్నయ్య ఒక ఆదివారం మా ఇంటికొచ్చారు. బల్ల చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి పెద్దనాన్న గడ్డం గోక్కున్నారు.

"ఏంటమ్మా ఇది. నిన్న కట్టినట్టుంది."

"ఏటా రంగు వేయించేవారు కదా పెద్దనాన్నా. నడుస్తున్నప్పుడు ఇలాగే ఉండేది."

"ఎవరు చెప్పారు?"

చెప్పినవాడు కాఫీ కప్పులు ట్రేలో సర్దుతున్నాడు. ఆ ట్రే సర్దడంలో అంత ఏకాగ్రత నేనెప్పుడూ చూడలేదు.

"ఏరా," అన్నారు పెద్దనాన్న. "ఇలా ఉండేదా?"

"ఎండకి కొంచెం వెలిసేదన్నయ్యా."

"కొంచెమా?"

"బాగానే వెలిసేది."

"తుప్పు?"

"ఉండేది," అన్నాడు నాన్న. ట్రే పట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు.

మూడు ప్రశ్నలు. అంతకంటే ఎక్కువ పట్టలేదు.

"చెల్లీ, విను," అన్నాడు అన్నయ్య, వేళ్లు విప్పుతూ. "ఒకటి, చూసేవాళ్లకి పాతది అంటే తుప్పు పట్టాలి, లేకపోతే పాతది అనిపించదు. రెండు, పక్క గోడ మీద మన కొత్త బిల్డింగ్ ఫోటో పెడుతున్నాం. కింద 'నాడు', 'నేడు' అని రెండు బోర్డులు. నాడు కూడా తళతళలాడుతుంటే నేడు ఎందుకు? మూడు..."

"మూడోది నేను చెప్తా అన్నయ్యా. నువ్వు చెప్పినట్టే చెయ్యాలి."

"చూశారా నాన్నా, ఎంత తెలివైందో."

"నీ చేతిలో పని ఉందమ్మా," అన్నారు పెద్దనాన్న, నా తల మీద చెయ్యేసి. ఆయన నా మీద ప్రేమ లేక అన్నది కాదు. ఆయనకి నిజంగా ఆ పైకప్పు అలాగే గుర్తుందేమో. లోపలికి ఎక్కువ వచ్చేవారు కాదు. "ఫోటోల్లో ఎలా ఉందో అలా చేసెయ్. కడుపు తరుక్కుపోవాలి చూస్తే."

వాళ్లు వెళ్లాక వంటింట్లోకి వెళ్లాను. నాన్న కడిగిన కప్పులే మళ్లీ కడుగుతున్నాడు.

"ఎందుకు ఒప్పుకున్నావు?"

"కాదంటే ఏమొస్తుంది?"

"నీ ఫ్యాక్టరీ నాన్నా."

"రేపు పొద్దున్న ఆయనిచ్చిన తాళాలే కదమ్మా నేను తిప్పాలి," అన్నాడు. "పెద్దనాన్న చెప్పినట్టు చేసెయ్."

"నోట్లో నాలుక ఎక్కడ పారేసుకున్నారో ఈయన," అంది అమ్మ, నాతో అన్నట్టు. "ఆ ఉప్పునీళ్ల ట్యాంకులోనే వేసి గడ్డకట్టించినట్టున్నారు."

నాన్న నవ్వాడు. నవ్వడానికి ఏమీ లేదు, అయినా నవ్వాడు.

*

నాకు ఉపాయం తట్టింది ఆ రాత్రి భోజనం దగ్గర. బొమ్మలు చేసే మావాళ్లందరికీ ఒక పిచ్చి ఉంది. లారీ బానెట్ గమ్ పెట్టి అతికించేస్తాం, మళ్లీ ఎవరూ తెరవలేరు. అయినా అతికించే ముందు లోపల ఇంజిన్‌కి నూనె మరకలు పెడతాం, వైర్లు కలుపుతాం. ఇదంతా ఎవరికి కనబడుతుందని అడిగితే, ఉందని మనకి తెలుసు కదా అంటాం. ఇంత పెద్దవాళ్లం, ఇంత చదువుకున్నవాళ్లం, ఆ మాటతో తృప్తిపడిపోతాం.

"పైకప్పు అతికించను," అన్నాను. "పెట్టె మూతలాగా ఎత్తితే ఊడొచ్చేలా చేస్తాను. బయట పెద్దనాన్న అడిగిన తుప్పు. లోపల నువ్వు చెప్పినట్టు. గాజుపెట్టెలో పైకప్పు తీసి పక్కన పెట్టమంటాను. చూసినవాళ్లకి రెండూ కనబడతాయి."

నాన్న అన్నం కలపడం ఆపాడు. "పెడతారా?"

"ఎందుకు పెట్టరు. అడుగుతాను."

అప్పుడే అన్నయ్యకి ఫోన్‌లో రాశాను. వాడు బొటనవేలు బొమ్మ పంపాడు. నాన్నకి చూపించాను. ఆ బొటనవేలుని నాన్న చాలాసేపు చూశాడు.

ఆ తర్వాత సాయంత్రాలు ఎలా గడిచాయో చెప్పాలంటే, మా నాన్న ఉద్యోగం నుంచి తిన్నగా నా గదికి వచ్చేవాడు, చెప్పులు కూడా గుమ్మం దాకా వచ్చాకే గుర్తొచ్చేవి. చక్రం అంచు నున్నగా మెరవాలన్నాడు. పెన్సిల్ ములికిని పొడి చేసి ఇచ్చాను. వేలితో అద్ది రుద్దితే ఆ పొడి నిజం ఉక్కులాగా మెరుస్తుంది. నాన్న చూపుడు వేలు ఆ చక్రం అంచు కంటే లావు, అయినా తనే రుద్దాడు. కంప్రెసర్ అడుగున గ్రీజు కావాలన్నాడు. ముదురు గోధుమ రంగు ఆయిల్ పెయింట్‌లో వార్నిష్ కలిపి సూది మొనతో పెట్టాను. నేల ఎప్పుడూ తడిగా ఉండేదన్నాడు. మెరిసే వార్నిష్ పోసి ఆరబెట్టాను. డబ్బాల వరసని పైకెత్తే హాయిస్టు సగం ఎత్తులో ఆగి ఉండాలన్నాడు, కింద నీటి చుక్కలతో సహా.

"ఇప్పుడే ఎత్తారన్నమాట," అన్నాను.

"ఇప్పుడే. ఇంకో పావుగంటలో ఐసు బయటికొస్తుంది."

అమ్మ టీ ఇవ్వడానికి వచ్చి తొంగిచూసి, వెళ్లిపోకుండా నిలబడింది. "ఆ మూల బెంచీ ఉండాలి," అంది. "దాని మీద అన్నం డబ్బా. ఇంటికొచ్చి తినే తీరిక ఎప్పుడుంది ఈయనకి." బియ్యపుగింజలో సగం ఉండే డబ్బా చేసి బెంచీ మీద పెట్టాను. అమ్మ మూతి తిప్పుకుని, "మూత సరిగ్గా పెట్టలేదు," అని వెళ్లిపోయింది. కళ్లు తుడుచుకుందో లేదో నేను చూడలేదు. చూస్తే తిట్టేది.

ఇక బయట మిగిలింది.

చెత్తగా చేద్దామనే అనుకున్నాను. నారింజ రంగు పొడి నాలుగు చోట్ల చల్లి, ఇదిగో తుప్పు అని చేతులు దులుపుకుందామని. చేతకాలేదు. స్పాంజి ముక్కతో మొదటి కాఫీరంగు చుక్క పెట్టగానే, దాని చుట్టూ ఇటుక రంగు ఉండాలి కదా అనిపించింది. అది పెట్టాక, వాన నీళ్లు దాన్ని కిందికి ఈడ్చుకెళ్తాయి కదా అనిపించింది. టర్పెంటైన్‌లో తడిపిన బ్రష్‌తో పై నుంచి కిందికి ఒక్కో చార లాగాను. ప్రతి మేకు కిందా కన్నీటి చార. రేకు మీద రేకు వచ్చే చోట నలుపు. నల్లరంగుతో వేసిన చిల్లుల అంచులకి పచ్చి నారింజ. నాన్న ఏటా వేయించిన రెడాక్సైడ్ అక్కడక్కడ పెచ్చులుగా మిగిలి, మిగతాదంతా లేచిపోయింది. నేను చేసినవాటిలో ఇంత బాగా ఏదీ రాలేదు. పైకప్పు ఆరబెట్టి దూరం నుంచి చూస్తే నాకే కడుపు తరుక్కుపోయింది.

పైకప్పు మీద పనిచేసినన్నాళ్లూ నాన్న నా గదిలోకి రాలేదు.

*

కోల్డ్ స్టోరేజీ ప్రారంభానికి కంపెనీ వాళ్లందరికీ నీలం చొక్కాలు ఇచ్చారు, జేబు మీద కంపెనీ గుర్తుతో. నాన్న కూడా అదే వేసుకున్నాడు. అన్నగారు వేసుకోలేదు, ఆయనకి కోటు ఉంది. నాన్న తలకి నూనె రాసి, పాపిడి రెండుసార్లు సరిచేసుకుని, "పైకప్పు తీసి పెట్టారంటావా?" అని దారిలో ఒకసారి అడిగాడు. "పెట్టుంటారు," అన్నాను.

పెట్టలేదు.

రిసెప్షన్ మధ్యలో గాజుపెట్టె. పైన ఫోకస్ లైటు. ఆ లైటు కింద నా తుప్పు ఎంత అందంగా ఉందో చెప్పలేను. పైకప్పు గోడల మీద బిగుతుగా కూర్చునుంది. తలుపులు నేను మూసే చేశాను, పైకప్పు తీస్తారు కదా అని. కిటికీ అద్దాలకి దుమ్ము వాష్ వేసింది కూడా నేనే. వంగి చూసినా లోపల చీకటి తప్ప ఏమీ కనబడదు. ముందు ఇత్తడి బోర్డు మీద 'నాడు'.

అన్నయ్యని పక్కకి లాగాను. "పైకప్పు తీసి పక్కన పెట్టమన్నాను కదా."

"పెట్టి చూశాను చెల్లీ. ఒకటి, తీస్తే ఫ్యాక్టరీలా లేదు, మెకానిక్ షెడ్డులా ఉంది. రెండు, లోపల అన్నీ శుభ్రంగా ఉన్నాయి, బయటకీ లోపలకీ పొంతన లేదు, జనం తికమకపడతారు."

"ఇప్పుడు తియ్యి."

"మూడు," అన్నాడు, కాస్త మొహమాటంగానే, "గాజువాడు నాలుగు వైపులా గమ్ పెట్టి మూసేశాడు. తియ్యాలంటే పగలగొట్టాలి."

వెనక్కి తిరిగేసరికి నాన్న పెట్టె ముందు నిలబడి ఉన్నాడు. పైకప్పుని చూస్తున్నాడు. బయట తుప్పుతో దాన్ని పూర్తిగా చూడడం నాన్నకి అదే మొదటిసారి. నేను పక్కకి వెళ్లి, "గాజు మూసేశారట నాన్నా," అన్నాను.

"పర్లేదులే," అన్నాడు. "బాగా చేశావు. నిజం తుప్పులాగే ఉంది."

అప్పుడే పెద్దనాన్న ఒక పెద్దాయన్ని వెంటబెట్టుకొచ్చారు. బ్యాంకు మేనేజరట. మొహం నిండా తీరికగా ఉన్నాడు. ఆయన గాజుపెట్టె మీదికి వంగి, నోరు తెరిచి చూశాడు.

"ఇదండీ మా మొదలు," అన్నారు పెద్దనాన్న. "ఇక్కడి నుంచి అక్కడికి." చెయ్యి పెట్టె మీంచి గోడ మీది ఫోటోకి వెళ్లింది. "ఈ బొమ్మ చేసింది మా అమ్మాయే. ఇంజనీరు."

"అబ్బ, ఏం పనితనం," అన్నాడు బ్యాంకాయన. "ఆ చిల్లులు, ఆ చారలు చూడండి. అసలు ఫ్యాక్టరీని ఈ గతికి తెచ్చింది ఎవరండీ బాబూ?"

నవ్వుతూనే అన్నాడు. పెద్దనాన్న కూడా నవ్వారు. "ఏదో, కాలం," అన్నారు. ఆ మాట అంటూ ఒక్క క్షణం నాన్న వైపు చూశారు. బ్యాంకాయన కళ్లు కూడా ఆ చూపు వెంట వెళ్లి, నీలం చొక్కా మీద ఆగాయి.

"మీరు పాత మనిషిలా ఉన్నారు. అందులో చేశారా?"

నేను నోరు తెరిచాను. దాన్ని నడిపింది మా నాన్నే అని చెప్పాలి. మాట నాలుక చివరికొచ్చాక ఆగిపోయింది. ఆ గాజు ముందు నిలబడి ఆ మాట చెబితే, ఆ చిల్లులూ చారలూ పెచ్చులూ అన్నీ నాన్నవైపోతాయి. వాటిని అంత నమ్మకంగా వేసింది నేను. చుట్టాలు నోటితో అన్నది నేను బ్రష్‌తో రాసి, లైటు కింద పెట్టాను.

"లేదండీ," అన్నాడు నాన్న. "నేను ఇక్కడ స్టోర్స్ చూస్తాను."

పెద్దనాన్న కోటు గుండీ పెట్టుకున్నారు. బ్యాంకాయన, "అలాగా," అని నా వైపు తిరిగాడు. "ఈ తుప్పు ఎలా తెప్పించావమ్మా, నిజం ఇనుమా?"

"కాదండీ," అన్నాను. "అల్యూమినియం రేకు. ముందు ముదురు రంగు స్పాంజితో అద్దాలి. దాని చుట్టూ లేత రంగు. తర్వాత పొడి."

"ఆ చారలు?"

"టర్పెంటైన్‌తో. పై నుంచి కిందికి లాగాలి. వాన ఎలా జారుతుందో అలాగ."

నా గొంతు నాకే ఎవరిదోలా వినబడింది. ఆఫీసులో కొత్తవాళ్లకి డ్రాయింగ్ వివరించేటప్పటి గొంతు. నాన్న కూడా వింటున్నాడు, చేతులు వెనక్కి కట్టుకుని, తెలియని విషయం తెలుసుకుంటున్న మనిషిలాగా, మధ్యలో తల ఊపుతూ. కాసేపటికి ఎవరో వచ్చి, చల్లగది తలుపు తెరిచి పెట్టేశారు అని చెబితే, "వస్తున్నా," అని నడుముకున్న తాళాల గుత్తి విప్పుకుంటూ వెళ్లిపోయాడు.

ఇంటికి వెళ్లేటప్పుడు బస్సులో సీట్లు దొరికాయి. నాన్న కిటికీ పక్కన, అమ్మ మధ్యలో, నేను చివర. అమ్మ అక్కడ ఆడవాళ్ల వైపు కూర్చుండిపోయింది, బొమ్మ దగ్గరికి రానేలేదు.

"మీ అన్నగారి వెంట వచ్చినాయన మీతో ఏదో మాట్లాడుతున్నాడు, దూరం నుంచి చూశాను," అంది. "ఏమన్నాడు?"

"తుప్పు బాగుందన్నాడు," అన్నాడు నాన్న.

"అంతేనా?"

"అంతే."

అమ్మ నా మొహంలోకి చూసింది. నేను టికెట్టుని సన్నగా మడతపెడుతూ ఉన్నాను. కాసేపయ్యాక అమ్మ, నాన్న నీలం చొక్కా భుజం మీద ఉన్న దుమ్ముని, లేని దుమ్ముని, చేత్తో దులిపింది.